నాలుగు పటాల కింది చీటీలు

డిసెంబరు నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. చర్చి హాల్లో గోడగడియారం చూసి చెబుతున్నాను. అంకెలు నాకు అప్పటికే వచ్చు, అక్షరాలే రావు. ఆ వేళకి ఆశీర్వాదం మాస్టారు మా నలుగురు ఆడవాళ్ళనీ వరసలో నిలబెట్టి ముందుగోడకు వంగమన్నారు. వంగాం. నడుము ఎత్తి నిలబడేసరికి ఆయన పరువు పోయింది. పోగొట్టింది నేను. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. అందులో మొదటి రెండేళ్ళూ అక్షరాలు నేర్చుకోవడానికి సరిపోయాయనుకున్నా, మిగతా వాటికి నా దగ్గర ఏ సాకూ లేదు.

పోయిన నెల మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని గ్రేస్ ఫోన్ చేసింది. గ్రేస్ ఆయన ఒక్కగానొక్క కూతురు. మయూర్ విహార్‌లో తన ఫ్లాటులోనే తండ్రిని పెట్టుకుని చూసుకుంది. నేనుండేది కూడా మయూర్ విహార్‌లోనే, మా అక్క కొడుకు ఇంట్లో. ఆటోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరాన్ని నేను ఏడాదికి ఒక్కసారే దాటేదాన్ని. క్రిస్మస్ రోజున కేకు పట్టుకుని వెళ్ళి, అరగంట కూర్చుని, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి వచ్చేసేదాన్ని. నేను కుంటుతూ లోపలికి వస్తుంటే ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఎడమది కదూ? లోపలివైపు అరిగింది" అనేవారు. ఎక్స్‌రే పని చేసిన మనిషి. తొడుక్కున్న బట్టలోంచి ఎముక కనిపించేది ఆయనకి. అలాంటి కళ్ళకి నేను కడుపులో దాచుకున్నది మాత్రం కనిపించలేదని ఎలా అనుకున్నానో!

నేను ఢిల్లీ వచ్చింది కరాటే నేర్చుకోవడానికి కాదు. మాది రేపల్లె దగ్గర పల్లె. పెనిమిటి తాగేవాడు, తాగితే కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. ఒకరోజు పైట కొంగులో రెండు చీరలు కట్టుకుని అక్క దగ్గరికి రైలెక్కాను. అక్క సుగుణ ఇక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. ఆర్.కె. పురంలో రెండు గదుల క్వార్టరు. అక్క డ్యూటీకి వెళితే పిల్లల్ని చూడటం, వండటం, దాని తెల్ల యూనిఫారం ఉతికి గంజీ నీలిమందూ పెట్టి ఆరేయటం నా పని. మొదటి చలికాలం నన్ను చంపేసింది. కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకట్టేది. బొగ్గుల అంగీఠీ పక్కన సీసా పెట్టి, కరిగినంత కరగగానే అక్కా పిల్లలూ నేనూ పోటీపడి తలలకు రాసుకునేవాళ్ళం. ఇప్పటికీ బొగ్గుల పొగలో కొబ్బరినూనె వాసన కలిస్తే నాకు ఆ వంటిల్లే కళ్ళ ముందుకొస్తుంది. ఇప్పుడు ఈ ఫ్లాటులో హీటరు మీట నొక్కితే వెచ్చబడుతుంది. వాసనా లేదు, పోటీ పడేవాళ్ళూ లేరు.

నాకు చదువు రాదన్న సంగతి అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం ఆరాధనలో అందరిలాగే పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని. పాటలన్నీ చిన్నప్పుడు మా అమ్మ నోటి నుంచి వచ్చినవే, ఒక్క చరణం తప్పేదాన్ని కాదు. పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. ఢిల్లీలో తెలుగు చర్చి అంటే అందరూ నర్సులు, టెక్నీషియన్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. వేలిముద్ర వేసే నిశానీదారునని తెలిస్తే జాలిపడతారని భయం. నాకు దెబ్బలకన్నా జాలంటే భయం ఎక్కువ.

ఆ చర్చి హాల్లోనే మంగళ, గురువారాల సాయంత్రం మాస్టారు కరాటే నేర్పేవారు. నైట్ డ్యూటీ నర్సులను బస్‌స్టాపుల్లో ఆకతాయిలు ఏడిపిస్తుంటే చూడలేక మొదలుపెట్టారు. విశాఖలో ఎక్స్‌రే పని నేర్చుకునే రోజుల్లో ఆయన ఈ విద్య నేర్చుకున్నారట. నేను హాలు ఊడ్వటానికి వెళ్ళి, చీపురు మూలన పెట్టి చూస్తూ నిలబడ్డాను. "చూస్తే రాదమ్మా, వచ్చి నిలబడు" అన్నారు. నిలబడ్డాను. నాలుగేళ్ళు నిలబడ్డాను.

నిలబడటమంటే ఉత్తినే నిలబడటం కాదు. కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, గుర్రం మీద కూర్చున్నట్టు ఉండాలి. ఆ భంగిమలో మమ్మల్ని నిలబెట్టి మాస్టారు కథ మొదలుపెట్టేవారు. కథ అయ్యేదాకా లేవకూడదు. అదీ ఆయన పద్ధతి. అన్నీ ముందుగోడ మీది నాలుగు పటాల్లో ఉన్నవాళ్ళ కథలే. జపాన్ వాళ్ళ కరాటేలో నాలుగు పెద్ద స్టైళ్ళకు మూలపురుషులు వాళ్ళు.

"ఇంకెంతసేపు మాస్టారూ, తొడలు ఊడి పడిపోతున్నాయి" అని చంద్రిక ఏడ్చేది. చంద్రిక అక్కతోపాటు పనిచేసే నర్సు, నోరు పెద్దది.

"పంతులుగారు ఇంకా ఓడే ఎక్కలేదమ్మా. ఆయన ఓడ దిగాక నువ్వు లేద్దువుగాని."

"మాస్టర్‌జీ, ఉన్‌కో హవాయీ జహాజ్ సే భేజ్ దో నా!" అని, ఆయన్ని విమానంలో పంపెయ్యమని పక్క క్వార్టరు గుర్మీత్ మూలిగేది. ఆమె పంజాబీ, మా కథలు సగమే అర్థమయ్యేవి గాని నొప్పి పూర్తిగా అర్థమయ్యేది.

ఓడ ఎక్కిన పంతులు మొదటి పటంలోని షోటోకాన్ స్టైలు ఆయన. దక్షిణాన ఎక్కడో ఉన్న చిన్న దీవిలో బడిపంతులు. యాభై దాటాక తన విద్య చూపించడానికి రాజధానికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. విద్యార్థుల హాస్టల్లో చిన్న గది ఇచ్చారు. పగలు ఆ హాస్టలు గదులు ఊడ్చి, తోటపని చేసి, సాయంత్రం పాఠం చెప్పేవాడట. ఆ మాట విన్నరోజు నేను మూలనున్న నా చీపురు వంక చూశాను. పద్యాలు రాయడానికి ఆయన పైన్ చెట్ల మీది గాలి హోరు అనే అర్థంతో ఒక కలంపేరు పెట్టుకుంటే, శిష్యులు హాలు కట్టి దాని గుమ్మం మీద ఆ పేరే రాశారు. స్టైలు పేరు అలా వచ్చింది. రెండో పటం గోజు స్టైలు ఆయనది. ఆయన శిష్యుడొకడు పెద్ద సభలో విద్య చూపిస్తే "మీదే సంప్రదాయం?" అని ఎవరో అడిగారు. పేరే లేదు పాపం. ఏదో తోచింది చెప్పి, తిరిగొచ్చి గురువుతో మొరపెట్టుకున్నాడు. గురువు ఆలోచించి, గట్టిదీ మెత్తదీ కలిసింది అనే అర్థంతో పేరు పెట్టాడు. నాలుగో ఆయన వాడో స్టైలు. దీవివాడు కాదు, తనకి ముందే వచ్చిన కుస్తీ విద్యని పంతులు దగ్గర నేర్చుకున్నదానితో కలిపి, శాంతి అనే మాట చేర్చి వేరుకుంపటి పెట్టుకున్నాడు.

మూడో పటం మాది, షిటో స్టైలు. అన్నిటికన్నా పెద్ద పటం అదే. ఆయనకి ఇద్దరు గురువులు. ఇద్దరి పేర్లలోంచి తలో ముక్క తీసి కలిపి తన స్టైలుకి పెట్టుకున్నాడు.

"నన్నడిగితే ఈ నలుగురిలో తెలివైనవాడు ఈయనే" అనేవారు మాస్టారు. "నీ గురువెవరయ్యా అని ఎవడైనా అడిగితే స్టైలు పేరు చెబితే చాలు. ఇద్దరూ అందులోనే ఉన్నారు. మర్చిపోదామన్నా కుదరదు."

ఆ పటాలతో మొదటి నుంచీ గొడవే. క్లాసు ముందూ వెనకా వాటికి వంగి నమస్కారం పెట్టాలి, అది ఆ విద్యలో ఆచారం. మా జాకబ్ పాస్టరుగారికి అది మింగుడుపడలేదు. "చర్చి హాల్లో పటాలకి వంగడమేంటి ఆశీర్వాదం? రేపు అగరొత్తులు కూడా గుచ్చుతావా?" అని ఒకరోజు మా అందరి ముందే అడిగారు. మాస్టారు తొణకలేదు. "మొన్న హాలు పర్మిషను కోసం ఆఫీసరుగారి ముందు మీరు ఇంతకన్నా ఎక్కువ వంగారు గదండీ. ఆయన దేవుడనుకునే వంగారా?" అన్నారు. పాస్టరుగారికి నవ్వొచ్చింది గాని ఆపుకున్నారు. చివరికి ఒక ఒప్పందం. ప్రతి పటం కింద ఆ మనిషి పేరు, స్టైలు పేరు చీటీ మీద రాసి అతికించాలి. చూసినవాడికి వీళ్ళు మనుషులేనని తెలియాలి. మాస్టారు గుండ్రటి అక్షరాలతో పైన ఇంగ్లీషులో, కింద తెలుగులో రాసి అతికించారు.

మా స్టైలు సంఘం వాళ్ళకి ఇంకో కోపం. శిష్యుడు తన మూలపురుషుడి పటం ఒక్కటే పెట్టుకోవాలి, ఈయన నలుగురిని పెట్టాడు, ఏ గట్టునున్నట్టు? నాలుగేళ్ళ తర్వాత మేం నలుగురం నల్లబెల్టు పరీక్షకు తయారైతే, సంఘం నుంచి పరీక్ష పెట్టడానికి మల్హోత్రా సాబ్ వస్తానన్నారు. బెల్టులు మాకు. మాస్టారికి అంతకన్నా పెద్దది. తన చేతి కింద నల్లబెల్టులు తయారైతే ఆ క్లాసుకి సంఘం గుర్తింపు వస్తుంది, ఆయన గురువని నలుగురూ ఒప్పుకుంటారు. ఎక్స్‌రే గదిలో పుట్టెడు సీసపు ఆప్రాను మోస్తూ ఆయన కలగన్నది అదొక్కటే.

పరీక్షకి రెండు రోజుల ముందు క్రిస్మస్‌కని హాలుకి సున్నం వేశారు. వేసినవాళ్ళు పటాలు దించి తడినేల మీద పెట్టారు. చీటీలు నాని ఊడిపోయాయి. మాస్టారు శనివారం డ్యూటీలో కూర్చుని మళ్ళీ నాలుగూ రాశారు. ఆదివారం ఆరాధన అవగానే నా దగ్గరికి వచ్చారు. నా చేతిలో పాటల పుస్తకం ఇంకా తెరిచే ఉంది.

"మార్తమ్మా, నేను స్టేషనుకెళ్ళి మల్హోత్రా సాబ్‌ని తీసుకురావాలి. ఈ చీటీలు అతికించి పటాలు తగిలించు. ఎవరెవరో నీకు తెలుసుగా?"

"తెలుసు మాస్టారూ" అన్నాను. అబద్ధం కాదు. నాలుగు మొహాలూ నాకు తొడల నొప్పితో సహా తెలుసు.

మైదా ఉడకబెట్టి జిగురు చేశాను. హాలంతా పచ్చి సున్నం వాసన. పటాలు వరసగా బెంచీ మీద పరిచి, చీటీలు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు చీటీలూ నాకు నాలుగు చీమల బారులు. చంద్రిక బయట మెట్ల మీద ఎండలో జడ వేసుకుంటోంది. ఒక్క కేక వేస్తే వచ్చి చదివేది. పిలుద్దామని నోరు తెరిచాను కూడా. అప్పుడే శైలజ వచ్చింది. ఆఫీసరుగారమ్మాయి, ఇంగ్లీషు మీడియం, మాతో పరీక్షకు నిలబడేది. ఆ పిల్ల ముందు "నాకు చదువు రాదు" అనాలా? నోరు మూసుకున్నాను. నా బుర్రకి తోచిన లెక్క ఒకటుంది. మా ఆయనది పెద్ద పటం గదా, పేరూ పెద్దదే అయ్యుంటుంది. అన్నిటికన్నా పొడుగు చీటీ ఆయన కింద అతికించాను. మిగతావి చేతికొచ్చిన వరసలో. ఎదురు బెంచీ మీద ఆరేళ్ళ గ్రేస్ కూర్చుని పల్లీలు ఒలుచుకు తింటోంది. వాళ్ళమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉంది, మాస్టారు పిల్లని నాకు అప్పజెప్పి వెళ్ళారు.

మాస్టారు వచ్చేసరికి మూడు దాటింది. "అన్నీ చూసుకున్నావా?" అని గుమ్మంలోంచే అడిగారు. "చూశాను మాస్టారూ." అతిథి వెనకే ఉన్నాడు, మాస్టారికి పటాల దాకా వెళ్ళే తీరికెక్కడిది? నిలబెట్టారు, వంగమన్నారు, వంగాం.

మల్హోత్రా సాబ్ వంగలేదు. పెద్ద పటం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "యే కౌన్ హై?" అన్నాడు. మాస్టారు మా మూలపురుషుడి పేరు చెప్పారు. "తో నీచే కిస్‌కా నామ్ హై? పఢియే." కింద ఎవరి పేరుందో చదవమన్నాడు.

మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని దగ్గరికి వెళ్ళారు. ఆ పటం కింద చదివారు. పక్కది చదివారు. నాలుగూ చదివారు. చాలాసేపు పట్టింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను ఒక్కసారి చూశారు. కోపం లేదు. ఎక్స్‌రే ఫిల్ముని దీపానికి ఎత్తిపట్టి ఎముక ఎక్కడ విరిగిందో చూసే చూపు. మళ్ళీ ఆయనవైపు తిరిగి, "మైనే చిప్‌కాయా సర్. గల్తీ మేరీ హై" అన్నారు. అతికించింది తనేనని, తప్పు తనదేనని.

మన మూలపురుషుడి కింద షోటోకాన్ పేరు పెట్టినవాడి దగ్గర మన పరీక్షేమిటి అన్నాడు మల్హోత్రా సాబ్. నలుగురిని నెత్తిన పెట్టుకున్నవాడికి తనవాడెవరో తెలియకుండా పోయిందని నవ్వాడు. టీ ముట్టుకోలేదు. ఫైలు సంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతా పావుగంట.

నేను ఒక్క మాట అని ఉంటే? "సర్, అతికించింది నేను, నాకు చదువు రాదు." అంతే పని. మల్హోత్రా సాబ్ నవ్వి ఊరుకునేవాడు, చీటీలు పీకి మళ్ళీ అతికించేవాళ్ళం, నాలుగున్నరకి పరీక్ష మొదలయ్యేది. నేను గోడగడియారం చూస్తూ నిలబడ్డాను.

పరీక్ష అయ్యాక అందరినీ అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి తీసుకెళతానని మాస్టారు ముందే మాటిచ్చారు. ఆ సాయంత్రం కూడా తీసుకెళ్ళారు. "పరీక్ష పోతే అన్నం మానేస్తామా, పదండి" అన్నారు. కందిపొడి, నెయ్యి, గోంగూర. ఆర్నెల్లుగా నోరూరిన భోజనం. చంద్రిక కన్నీళ్ళు కారుస్తూనే మూడుసార్లు వడ్డించుకుంది. నేను అన్నం అటూ ఇటూ నెడుతూ కూర్చున్నాను. "మార్తమ్మా, పప్పేసుకో. చల్లారితే బాగోదు" అన్నారాయన. నన్ను తిట్టినా బాగుండేది.

చీటీల ఒప్పందం కూడా నిలవలేదని, రెండు వారాలకి పాస్టరుగారు కమిటీ కూర్చోబెట్టి హాలు వెనక్కి తీసుకున్నారు. కరాటే సంఘం వాళ్ళ ఉత్తరం వచ్చింది, మాస్టారి పేరు కొట్టేశామని. మాస్టారు ఆ తెల్లబట్టలు మళ్ళీ తొడుక్కోలేదు. కానీ ఆ మరుసటి మంగళవారం, క్లాసు జరగాల్సిన వేళకి, అక్క వంటింట్లోకి వచ్చారు. చేతిలో పలక, బలపం, పటాల మీంచి జాగ్రత్తగా పీకి ఆరబెట్టిన ఆ నాలుగు చీటీలు. "ఇకమీదట నీ క్లాసు ఇదీ" అన్నారు. నేను గోడ పక్కన బిక్కచచ్చి నిలబడితే, "గుర్రం మీద నిలబడి రాయక్కర్లేదులే, కూర్చో" అన్నారు. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆ చీటీల మీది తెలుగే. అంగీఠీ పక్కన కూర్చుని రెండేళ్ళు నేర్పారు. ఒక్కరోజు కూడా ఆ ఆదివారం ఊసెత్తలేదు. నేనే ఒకసారి "మాస్టారూ, ఆ రోజు..." అన్నాను. "ఆ రోజు సాంబారులో ఉప్పెక్కువైంది, గుర్తుంది. ఊఁ, తర్వాతి లైను చదువు" అన్నారు. నేను తర్వాతి లైను చదివాను. ఆయన దయ చాటున దాక్కోవడం అంత సుఖంగా ఉంది నాకు.

అంతటితో ఆగితే ఇంతగా కుమిలేదాన్ని కాదు. పన్నెండేళ్ళ కిందట మా సొసైటీ పార్కులో ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పడం మొదలుపెట్టాను. నోటీసు బోర్డు మీద క్లాసుకి ఏం పేరు రాయాలని సెక్రటరీ అడిగాడు. ఎప్పుడో విన్న కథలోలాగే, నన్నూ పేరు అడిగారన్నమాట. "మార్తా ఆంటీ క్లాస్" అని రాయించాను. అక్షరాలు వచ్చినదాన్ని గదా, సరిగ్గా రాశాడో లేదో దగ్గరుండి చూసుకున్నాను. "ఆంటీ, ఆప్‌కో కిస్‌నే సిఖాయా?" అని ఒక పిల్ల అడిగింది. "ఎవరూ లేరమ్మా, చూసి నేర్చుకున్నా" అన్నాను. మాస్టారి పేరు చెబితే ఆ రోజు కథ చెప్పాల్సొస్తుందని. చూస్తే రాదమ్మా అని నాతో చెప్పిన మనిషి అప్పటికి పది నిమిషాల దూరంలో బతికే ఉన్నాడు.

జ్ఞాపకార్థ కూడిక గ్రేస్ వాళ్ళ సొసైటీ హాల్లోనే పెట్టారు. ఏసీ హాలు, ప్లాస్టిక్ పూలు, ముందు మాస్టారి ఫొటో, కింద అచ్చు వేసిన పేరు. ఒక్కొక్కరూ లేచి మైకులో మాట్లాడారు. చంద్రిక నోయిడా నుంచి వచ్చింది, మేట్రనుగా రిటైరైంది, నోరు మాత్రం రిటైరు కాలేదు. "మాస్టారంత మంచివాళ్ళు లేరు. కాకపోతే కాస్త పరధ్యానం. ఫొటోల కింద పేర్లు తారుమారు చేసి మా నల్లబెల్టులు ఎగరగొట్టేశారు పాపం!" అంది. అందరూ నవ్వారు. చావింట్లో నవ్వు దొరికితే ఎవరు వదులుతారు? మైకు నా చేతికొచ్చింది. నేను లేచి, ఆయన ఎముకల్ని చూసిన చూపు గురించి రెండు ముక్కలు చెప్పి, ఒక పాట పాడి కూర్చున్నాను. పుస్తకం చూసే పాడాను. ఇప్పుడు నిజంగా చదువుతూ.

అందరూ వెళ్ళాక గ్రేస్ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. ఆసుపత్రి ఎక్స్‌రే కవరొకటి చేతిలో పెట్టింది. "నాన్న మీకు ఇమ్మన్నారు ఆంటీ." అందులో నాలుగు చీటీలు. వెనక మైదా జిగురు పచ్చగా పెచ్చులు కట్టి ఉంది.

గ్రేస్ కూతురు రియా తొంగిచూసి, "యే క్యా హై నానీ?" అని నన్నే అడిగింది. నేను జవాబు చెప్పేలోగా గ్రేస్, "నువ్వు బయటికెళ్ళు రియా, వస్తున్నా" అంది. తలుపు వేసింది.

"ఆ రోజు బెంచీ మీద నేనున్నాను ఆంటీ. మీరు అతికించడం చూశాను. ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను, అతికించింది మీరు కాదుగా నాన్నా అని. 'నాకు తెలుసురా. ఎవరికీ చెప్పకు, ఆవిడ చెప్పుకుంటుంది' అన్నారు. నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు." అంచు మడతపడ్డ ఒక చీటీని వేలితో సరిచేసింది. "ఇందాక మైకు మీ చేతికిచ్చింది నేనే."

కవరు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆ పది నిమిషాలూ చీటీలు ఒక్కొక్కటే తీసి చదువుకున్నాను. తడుముకోకుండా చదివాను, ఇంగ్లీషుతో సహా. మర్నాడు పొద్దున్నే సెక్రటరీ ఇంటికెళ్ళి బోర్డు మీద నా పేరు చెరిపించి "ఆశీర్వాదం మాస్టారి క్లాసు" అని రాయించాను. "కౌన్ హై యే, ఆంటీ?" అన్నాడు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. విని, "అచ్ఛా, ఠీక్ హై" అని చాయ్ తెప్పించాడు. ఆయనకి చెప్పడం తేలికే. చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. చంద్రికకి ఫోన్లో చెప్పబోయాను, నోరు రాలేదు. అందుకని రాస్తున్నాను. ఈ కాగితాల నకలు ముందు ఆమెకే పంపుతాను. తిడుతుంది, తిట్టాలి.

ఆ ఆదివారం మూడు గంటల ఇరవై నిమిషాలకి హాల్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పరీక్ష పెట్టడానికి వచ్చిన మల్హోత్రా సాబ్. గుమ్మం దగ్గర నిలబడి చూసిన జాకబ్ పాస్టరుగారు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చి వెనక కూర్చున్న మా అక్క సుగుణ. బెల్టు రావలసిన చంద్రిక. బెల్టు రావలసిన గుర్మీత్ కౌర్. బెల్టు రావలసిన శైలజ. బెంచీ మీద గ్రేస్. ఏ తప్పూ చేయని ఆశీర్వాదం మాస్టారు. చీటీలు అతికించిన మార్తమ్మ.